జబ్బుకు కొత్త పేరు

వియ్యాలవారితో తొలి భోజనానికి వెళుతూ, కారులోనే మరదలు గుమ్రాన్ హేసుక్‌కు పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

"వదినా, ఎవరైనా అడిగితే థైరాయిడ్ అని చెప్పు. చేతులు వణకడం, ఒళ్లు రావడం, అలసట, అన్నిటికీ ఆ ఒక్క మాట సరిపోతుంది. నేను ఇంటర్నెట్‌లో చూశాను."

"మతిమరుపుకి?"

"దానిక్కూడా సరిపోతుంది."

"మీ ఆయన పిరికితనానికి?"

స్టీరింగు పట్టుకున్న తమ్ముడు గ్యుహో అద్దంలోంచి అక్క వంక ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు. పక్కన కూర్చున్న మేనకోడలు, గ్యుహో మొదటి భార్య కూతురు సోల్బి మాత్రం హేసుక్ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. పెళ్లికూతురు చెయ్యి చల్లగా ఉంది.

నిజానికి ఈ భోజనానికి హేసుక్‌ను పిలవాలని ఇంటివాళ్లెవరికీ లేదు. పెళ్లికొడుకు ఊరం నోరు జారాడు. 'సోల్బి వాళ్లమ్మ చిన్నప్పుడే పోయింది, నాయనమ్మా మేనత్తా కలిసి గున్సాన్‌లో పెంచారు' అని ఇంట్లో చెప్పేశాడు. 'పెంచిన మేనత్తను చూడకుండా సంబంధం ఎలా ఖాయం చేసుకుంటాం' అంది అతని తల్లి. దాంతో ఇంట్లో దాచిపెట్టిన మనిషిని దులిపి, బూడిదరంగు కోటు తొడిగి, తేజోన్‌కు బయల్దేరదీశారు.

హేసుక్ ఒకప్పుడు ఆడపిల్లల బడిలో చైనా అక్షరాలు నేర్పే టీచరు. ముప్పయ్యో ఏట ఒకనాడు తరగతి గది మైకు తనతో మాట్లాడుతోందనుకుంది. మైకు చెప్పినట్టే పిల్లలందరినీ మైదానంలోకి తీసుకుపోయి, ఆకాశం కేసి తిరిగి కూర్చోమంది. ఆ తర్వాత ఆస్పత్రి, మాత్రలు, మరోసారి ఆస్పత్రి. ఇప్పుడు ఇంట్లోనే ఉండి, బడి పుస్తకాలు అచ్చువేసే చిన్న సంస్థకు ప్రూఫులు దిద్దుతుంది.

ఆ జబ్బుకు ఆ ఇంట్లో ఉన్నన్ని ముద్దుపేర్లు సోల్బికి కూడా లేవు. హేసుక్ తల్లి బతికున్నంతకాలం 'దేవత దిగింది' అంది. డప్పు వాయించే పూజారిణిని పిలిపించి, పంది తల పెట్టి పూజ చేయించింది. దేవత వదిలిపోలేదు, పంది తల మాత్రం పూజారిణి పట్టుకుపోయింది. వీధి చివర చర్చి పెద్దమ్మ 'దయ్యం' అని తేల్చి, నెత్తిన చెయ్యి పెట్టి నొక్కినొక్కి మెడనొప్పి తెప్పించింది. తమ్ముడు ఎవరడిగినా 'నరాల బలహీనత' అనేవాడు, అదేదో తోటకూర తింటే తగ్గిపోయేదన్నట్టు. ఆస్పత్రిలో దాని పేరు 'చిత్తవిచ్ఛేద వ్యాధి'. కట్టెను గొడ్డలితో చీల్చినట్టు మనసు రెండుగా చీలిపోయిందని దాని అర్థం. ఆ మాట వింటే రోగి కంటే ముందు ఇంటి గడప భయపడుతుంది.

ఆమధ్య డాక్టర్లంతా కూర్చుని ఆ పేరు మార్చారు. కొత్త పేరు 'తంత్రీశ్రుతి వ్యాధి'. తీగలు శ్రుతి తప్పాయి, బిగిస్తే మళ్లీ పలుకుతాయి అని. హేసుక్ డాక్టరు ఆ కబురు పుట్టినరోజు కానుక ఇస్తున్నవాడి మొహం పెట్టి చెప్పాడు. అక్షరాలు తెలిసిన మనిషి కనుక ఆమెకు ఆ పేరు నచ్చింది కూడా. అయితే మాత్రలు అవే, మాత్రలు మింగితే నోరు పిడచగట్టుకుపోవడం అదే, మందుల షాపు కుర్రది గొంతు తగ్గించి ఆమె పేరు పిలవడమూ అదే.

భోజనశాలలో విడిగా ఒక గది తీసుకున్నారు. వెచ్చని నేల మీద చాపదిండ్లు వేసి, పొడుగాటి బల్లకు అటు మగపెళ్లివారు, ఇటు ఆడపెళ్లివారు కూర్చున్నారు. పెళ్లికొడుకు తండ్రి గిల్ గారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. ఆ లోటంతా భార్య ప్యో గారు తీరుస్తుంది. ఆవిడ కూర్చుంటూనే సంచీలోంచి తడి రుమాలు తీసి చెంచాలు, అన్నం తినే పుల్లలు, గిన్నె అంచులు తుడవసాగింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ," అంది గుమ్రాన్‌తో, "శుభ్రం విషయంలో నాకు కాస్త ఓసీడీ."

"అయ్యో, అది మంచి అలవాటే కదండీ," అంది గుమ్రాన్.

ఏం తెప్పించుకోవాలని వడ్డించే అమ్మాయి అడిగింది. ప్యో గారు నుదురు పట్టుకుంది. "నన్నడక్కు తల్లీ. నాకు నిర్ణయలోపం ఉంది. పెద్ద జబ్బది. బట్టల కొట్టుకెళ్లినా ఇంతే, చేపల కొట్టుకెళ్లినా ఇంతే." అని, చివరికి అందరికీ అన్నీ తనే చెప్పింది.

ఆపైన ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆయనగారికి కారెక్కితే కోపనిగ్రహ లోపం. "మా మేనేజరు ముందు మాత్రం నిగ్రహం దివ్యంగా ఉండేది," అన్నాడు గిల్ గారు, ఆ పూట ఆయన ఆడిన మొదటి మాట. అందరూ నవ్వారు. కొడుకు సైన్యంలోకి వెళ్లినప్పుడు ఆవిడకు పానిక్ వచ్చింది, టీవీలో ఆ పెద్ద నటుడికి వచ్చినట్టే. కూతురు కాలేజీ మారినప్పుడు డిప్రెషన్. "డిప్రెషన్ అంటే ఏముందండీ, మనసుకు పట్టే జలుబు. ఈ రోజుల్లో దాచుకోకూడదు. దాచుకునేవాళ్లే వెనకబడినవాళ్లు." ఇక అపార్ట్‌మెంట్ కమిటీ అధ్యక్షుడున్నాడే, వాడు శుద్ధ పిచ్చివెధవ, వాణ్ణి కట్టేసి ఆస్పత్రిలో పడెయ్యాలి.

హేసుక్ ముల్లంగి పచ్చడి నములుతూ వింటోంది. ప్యో గారు జబ్బుల్ని ఉంగరాల్లా వేళ్లకు పెట్టుకుంటుంది. ఏ వేలికి ఏది నప్పుతుందో ఆవిడకు బాగా తెలుసు. తన జబ్బు అలా పెట్టుకోదగ్గ సొగసైన రకం కాదు.

గుమ్రాన్ కూడా ఊరుకోలేదు, పోటీలో వెనకబడతానేమోనని కంగారు. "నాకూ అగ్గిజబ్బు ఉండేదండీ, కోపం మింగుకుంటే వస్తుందే, అది. గుండెలో ఇక్కడ ఉండగట్టుకుపోయేది. అత్తగారితో పడ్డ పాట్లకి..."

అత్తగారంటే హేసుక్ తల్లి. పండగలకు తప్ప ఆ ముసలిదాని గడప గుమ్రాన్ తొక్కింది లేదు. వెళ్లేటప్పుడు మాత్రం డిక్కీ నిండా నువ్వుల నూనె, మిరప్పొడి, ఎండుచేపలు వేసుకుపోయేది. ఆ డిక్కీ బరువుకు గుండె ఉండగట్టి ఉంటుందనుకుంది హేసుక్.

"టీచరమ్మా, చూశావా, వీళ్లందరికీ ఎన్ని రోగాలో," అంది బల్లకింద ఒక గొంతు. చేపల బజారులో బేరమాడే ఆడదాని గొంతది. చాలా ఏళ్లుగా హేసుక్ ఒక్కదానికే అప్పుడప్పుడూ వినిపిస్తుంది. హేసుక్ దానికి జవాబివ్వదు. జవాబిస్తే కుర్చీ వేసుక్కూర్చుంటుందని అనుభవం. నీళ్లు తాగింది. గ్లాసు చేతిలో వణికింది.

ప్యో గారి కళ్లు గ్లాసు మీద పడ్డాయి. "అయ్యో, మీకు ఒంట్లో బాలేదా అక్కయ్యగారూ?"

"థైరాయిడ్!" అంది గుమ్రాన్, ఎవరో బెల్లు కొట్టినట్టు.

"అలాగా! మా చెల్లెలికీ అదే. ఎక్కువా, తక్కువా?"

"అదీ... ఎక్కువేనండీ."

"ఎక్కువైతే ఒళ్లు తగ్గాలే. ఈవిడ..." ప్యో గారు హేసుక్ భుజాలను కళ్లతోనే కొలిచింది. "ఏ మందు వాడతారు? ఎన్ని మిల్లీగ్రాములు? గొంతు దగ్గర వాపుందా? ఏదీ, కాస్త తలెత్తండి."

గుమ్రాన్ మొహాన చెమట పట్టింది. సోల్బి గిన్నెలోకి తల దించేసింది. గ్యుహో అవసరం లేకపోయినా దగ్గాడు. ఎదుటి ఆడది బల్ల మీదుగా వంగి, హేసుక్ గడ్డం కిందికి వేళ్లు చాపింది. ఆ వేళ్లు తడి రుమాలు వాసన వేస్తున్నాయి. హేసుక్‌కు ఒళ్లు మండింది.

"థైరాయిడ్ కాదండీ. నాది తంత్రీశ్రుతి వ్యాధి," అంది.

ఆడపెళ్లివారి వైపు ఊపిరులు ఆగాయి. అవతలి వైపు ప్యో గారు కళ్లు మిటకరించింది.

"తంత్రీ... అంటే?"

"తీగలు కదూ?" అన్నాడు గిల్ గారు ఆసక్తిగా. "మీరు టీచరు చేశారని మావాడు చెప్పాడు. సంగీతమా?"

"చైనా అక్షరాలు."

"ఆ, అదీ కళే కదా!" ప్యో గారి మొహం వెన్నలా కరిగింది. "సున్నితమైన వాళ్లకే ఇలాంటివి వస్తాయి. నాలాంటి మొరటుదానికి రమ్మన్నా రావు. పేరు కూడా ఎంత అందంగా ఉందో! వణుకు దానివల్లేనన్నమాట. నరాలు తీగల్లాంటివే కదా. అక్కయ్యగారూ, బలానికి ఎర్ర జిన్సెంగ్ వేరు పొడి పంపిస్తాను, రోజూ వేణ్ణీళ్లలో కలుపుకు తాగండి." అని, ముళ్లు తీసిన చేప ముక్క ఒకటి ఆవిడే స్వయంగా హేసుక్ అన్నం మీద పెట్టింది.

తిరుగు ప్రయాణంలో గుమ్రాన్ ఆనందం పట్టలేకపోయింది. "ఏం తెలివి వదినా! నా గుండె ఆగిపోయిందనుకో. భలే తప్పించావు."

"నేను తప్పించలేదు. నిజం చెప్పాను."

"అదే. ఎవరికీ అర్థంకాని నిజం. దాన్ని మించిందేముంది?"

సోల్బి దారి పొడుగునా మేనత్త భుజం మీద తల పెట్టుకునే ఉంది.

జిన్సెంగ్ పెట్టె నిజంగానే వచ్చింది. ఆ పైన ప్యో గారు ఫోన్లు కూడా చేసింది. 'తీగలెలా ఉన్నాయి అక్కయ్యగారూ' అని పలకరించేది. హేసుక్ నవ్వుకునేది. నవ్వుకుంటూనే, తన జబ్బును ఎవరైనా నోటినిండా అని అలా పలకరించడం అదే మొదటిసారని కూడా గమనించింది. దానికి కాస్త సిగ్గుపడింది. అర్థం తెలియనివాళ్ల ప్రేమకు తను మురిసిపోతోందా అని.

వానలు మొదలైన రోజుల్లో ఎక్కడో ఒక ఊళ్లో ఒకతను బజారు మధ్యలో కత్తి తీసి దారినపోయేవాళ్లను పొడిచాడు. టీవీ తెర అడుగున ఎర్రటి పట్టీలో 'తంత్రీశ్రుతి వ్యాధిగ్రస్తుడు' అని రాసి, పొద్దుణ్ణుంచి రాత్రిదాకా తిప్పారు. నిపుణులు వచ్చి కూర్చున్నారు. బొమ్మ మెదడు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. తిని, తాగి కొట్టుకుచచ్చేవాళ్ల వార్తలకు అలాంటి బొమ్మలెప్పుడూ తేలేదు.

ఆ వారమే బస్సులో బడిపిల్ల ఒకతె పక్కదాన్ని మోచేత్తో పొడిచి, "ఏయ్, నా ఫోన్ లాక్కుంటావేంటే, నీకేమన్నా శ్రుతిజబ్బా?" అంది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. వెనక సీట్లో కూర్చున్న హేసుక్ కిటికీలోంచి బయటికి చూసింది. పాత మాట మురికి కావడానికి ఒక తరం పట్టింది. కొత్తదాన్ని జనం ఒక్క వానాకాలంలో మసిగుడ్డ చేసి పారేశారు. డాక్టర్లు మళ్లీ కూర్చుని ఇంకో పేరు పెట్టొచ్చు. జనం దాన్నీ నమిలి ఉమ్మేస్తారు. నోళ్లను ఉతకనంత కాలం మాటలను ఎన్ని ఉతికితే ఏం లాభం?

ఆ తర్వాత ప్యో గారి ఫోన్లు రాలేదు. బదులుగా గ్యుహో పీచ్ పళ్ల పెట్టె పట్టుకుని గున్సాన్ వచ్చాడు. తమ్ముడు పళ్లు తెచ్చాడంటే ఏదో అడగడానికొచ్చాడని హేసుక్‌కు తెలుసు.

"అక్కా, ఊరం వాళ్లమ్మ పెద్ద గొడవ చేసింది. మోసం చేశామంటోంది."

"మోసమేంట్రా? ఆవిడ మొహం మీదే చెప్పాను కదా. చేప ముక్క కూడా పెట్టింది."

"అప్పుడు తెలీదు కదా ఆవిడకి."

"తెలియనప్పుడు అందమైన పేరన్నది. ఇప్పుడు తెలిసి ఏమంటోంది?"

గ్యుహో పీచ్ పండు ఒకటి తీసి, నూగును బొటనవేలితో రుద్దసాగాడు. "పెళ్లి ఆపనంటోంది. పత్రికలు పంచేశారు. కానీ నువ్వు... ఆ రోజుకి రాకపోతే బావుంటుందని. ఆవిడకి పానిక్ ఉందట అక్కా, నిన్ను చూస్తే ఎక్కువవుతుందట. ఒంట్లో బాలేదని చెప్పేద్దాం. అంతే."

"ఒంట్లో ఎక్కడ బాలేదని చెబుతావు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి కాదు, చెప్పు. కాలా? కీలా? ఆవిడకు జబ్బుంటే నేను రాకూడదు. నాకు జబ్బుంటే కూడా నేనే రాకూడదు. ఇదెక్కడి వైద్యంరా? ఆ పిల్ల జడ ఎవరు వేశారు? మొదటిసారి బట్టలు మాసినప్పుడు ఎవరు చెప్పారు దానికి, భయపడకు అని? నువ్వు తేజోన్‌లో రెండో పెళ్లి చూపులకు తిరుగుతున్నావు అప్పుడు."

"నాకు తెలుసక్కా."

"తెలిస్తే నోరెందుకు లేవలేదు అక్కడ?"

గ్యుహోకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఏడవడం వాడికి చిన్నప్పటినుంచీ తేలికే. ఏడిస్తే పని జరుగుతుందని అమ్మ అలవాటు చేసింది. హేసుక్ అతన్ని అలాగే వదిలేసి లోపలికి పోయి ప్రూఫులు దిద్దుకుంది. తిరిగొచ్చేసరికి తమ్ముడు లేడు. పళ్లు ఉన్నాయి, బొటనవేలితో నలిపినదానితో సహా.

ఆ ఆదివారం సోల్బి, ఊరం కలిసి వచ్చారు. సోల్బి గుమ్మంలోనే ఏడుపందుకుంది. "పెళ్లి వద్దత్తా. మానేస్తాను. నువ్వు లేకుండా నాకేం పెళ్లి?"

"ఇతనంటే ఇష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి అతగాడి తల్లికి మాట్లాడ్డం చేతకాదని నువ్వు మొగుణ్ణి మానుకుంటావా? ముక్కు చీదుకో ముందు."

హేసుక్ పచ్చని దోసపండు తెచ్చి, చాకుతో తొక్క తియ్యడం మొదలుపెట్టింది. ఊరం గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పొడుగాటి మెడ ఉన్న మెతక మనిషి. "అత్తయ్యగారూ, అమ్మది చెడ్డ మనసు కాదండీ. చిన్నప్పుడు ఏదో చూసిందట, ఆ ట్రామా వల్ల..."

"మీ ఇంట్లో ఎవరూ మామూలుగా తప్పు చెయ్యరా నాయనా? అన్నిటికీ ఒక జబ్బుండాలా?"

హేసుక్ అతని కళ్లను గమనించింది. అవి తన మొహం మీద లేవు.

"నేనంటే నీకు భయంగా ఉందా?"

"అబ్బే, లేదండీ." మోకాళ్లు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "కొంచెం," అన్నాడు.

"ఊరం!" అంది సోల్బి.

"అడిగారు కదా. నిజం చెప్పనా వద్దా? సోల్బి ముందే చెప్పింది, నాకు తెలుసు, ఫరవాలేదనుకున్నా. కానీ ఆ టీవీ చూశాక... మీరు ఆ చాకు పట్టుకుంటే అటే చూస్తున్నా. నా మీద నాకే సిగ్గుగా ఉంది."

హేసుక్ అతన్ని తేరిపార చూసింది. ఇన్నేళ్లలో ఆమెతో ఈ మాట ఎవరూ అనలేదు. అందరూ చిరునవ్వులు నవ్వుతూ చాకులు దాచినవాళ్లే. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. చాకు పిడి అతని వైపు తిప్పి ఇచ్చింది.

"ఇంద, నువ్వే కొయ్యి. నాకు చేతులు వణుకుతాయి, ఎప్పుడూ తొక్కతో పాటు సగం పండు పోతుంది."

ఊరం కోశాడు. అతను ఇంకా ఘోరంగా కోశాడు. తింటున్నంతసేపూ అడిగాడు. గొంతు ఎలా ఉంటుంది, ఎప్పుడొస్తుంది, ఏమంటుంది అని. హేసుక్ చెప్పింది. గొంతుకంటే నోరు పిడచగట్టడమే ఎక్కువ బాధని, మాత్రలేసుకుంటే పొద్దున్నే ఒళ్లు తడి ఇసుక మూటలా ఉంటుందని, ఎక్కువ కాలం మంచిగానే గడుస్తుందని. ఊరం విని, "దీన్ని మేం ఏమనాలి అత్తయ్యా?" అన్నాడు.

"మీకు నోరు తిరిగింది అనండి. నన్ను మాత్రం అత్తయ్యా అంటే చాలు. పెళ్లికొస్తున్నానని మీ అమ్మకు నువ్వే చెప్పు."

చెప్పాడు కాబోలు. పెళ్లిమందిరంలో హేసుక్‌ను చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అటొకడు, ఇటొకడు, బీరువాల్లాంటి కుర్రాళ్లు కూర్చున్నారు. ప్యో గారి అన్న కొడుకులట, జూడో నేర్చుకున్నవాళ్లు. ఎందుకు కూర్చున్నారో వాళ్లు దాచుకోలేకపోతున్నారు. హేసుక్ చెయ్యి కదిపితే వాళ్ల మెడలు కదులుతున్నాయి.

"బాబూ, నేను లేస్తే పట్టుకోమన్నారా, లేవకముందే పట్టుకోమన్నారా?" అని అడిగింది హేసుక్.

ఎడమవైపువాడు ఎర్రబడ్డాడు. కుడివైపువాడు, "అలా ఏం లేదు పెద్దమ్మా, ఊరికే... అత్త కూర్చోమంది," అని గొణిగాడు.

"మరి ఊరికే కూర్చోకండి. ఎముకల పులుసు చల్లారిపోతోంది, తినండి."

వాళ్లు తిన్నారు. కాపలా సంగతి మర్చిపోయేంత బాగా తిన్నారు. ఆమె గిన్నెలో మాంసం కూడా వాళ్లకే వేసింది. వేదిక మీద తెల్లని గౌనులో సోల్బి నిలబడి ఉంది. జనం ఎక్కువైనకొద్దీ బజారు గొంతు లేవడం మొదలైంది, "టీచరమ్మా, అందరూ నిన్నే చూస్తున్నారు" అంటూ. ఈసారి అది అన్నది నిజమే. నిజంగానే చూస్తున్నారు. హేసుక్ బల్ల అంచు గట్టిగా పట్టుకుని, సోల్బి జడలోని పూలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మాయి తరఫు బంధువులు రండి, ఫోటోకి రండి!" అని కేక వినిపించింది. హేసుక్ లేచింది. కుర్రాళ్లిద్దరూ మూతులు తుడుచుకుంటూ వెనకాలే లేచారు. దారిలో గుమ్రాన్ పట్టుబట్టల రెపరెపలతో వచ్చి కోటు పట్టుకుంది. "వదినా, నీకు దణ్ణం పెడతాను, వద్దు." హేసుక్ ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పి, మెట్లెక్కింది. ఫోటోల దగ్గర సర్దుతున్న కుర్రాడికి ఈ జబ్బు గొడవ తెలియదు. "పెంచినావిడట కదా, పెళ్లికూతురు పక్కకి రండి," అని భుజం పట్టి ముందుకు తెచ్చాడు.

ప్యో గారికి కట్టలు తెగాయి. చేతిలోని పూసల సంచీ ఎత్తి ఆ కుర్రాడి మొహాన విసిరికొట్టింది. సంచీ కొక్కెం తగిలి వాడి కనుబొమ్మ చిట్లింది. "నీకు బుద్ధుందా? ఎవరు నిలబెట్టమన్నార్రా దాన్ని అక్కడ!" అని అరుస్తూ, పూలకుండీని కాలితో ఒక్క తన్ను తన్నింది. కుండీ దొర్లి దొర్లి కింద ముందు వరసలో కూర్చున్న ముసలాయన పాదం మీద పడింది.

జూడో కుర్రాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవర్ని పట్టుకోవాలో వాళ్లకు తెలియలేదు.

అంతలోనే ఆడవాళ్లు చుట్టూ మూగారు. పాపం, అలసట. పాపం, ఎన్ని రోజులుగా నిద్రలేదో. కొడుకు పెళ్లి, ఒత్తిడి ఉండదూ. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో విసనకర్రతో విసిరారు, ఎవరో రెండు చేతులూ పట్టుకుని రుద్దారు. కనుబొమ్మ నుంచి రక్తం కారుతున్న కుర్రాడికి మాత్రం ఎవరూ రుమాలు ఇవ్వలేదు. హేసుక్ తన చేతిరుమాలు మడిచి వాడి నుదుటికి అదిమి, "గట్టిగా పట్టుకో," అంది. మెత్తటి మాటలు ఇంతమంది దగ్గర ఇన్ని ఉన్నాయని ఆమెకు ఆ పూటే తెలిసింది. ఆమెకోసం ఇన్నేళ్లలో ఒక్కటీ బయటికి తియ్యలేదు.

సోల్బి గౌను కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని రెండడుగులు వేసి, మేనత్త చెయ్యి పట్టుకుంది. ఊరం రెండోవైపు వచ్చి నిలబడ్డాడు. తల్లి కేసి చూసి, "అమ్మా, నీ చోటు ఇక్కడుంది. వస్తే రా," అన్నాడు. అతని గొంతు వణికింది కానీ మాట మార్చలేదు. గిల్ గారు భార్యను నడిపించుకొచ్చి నిలబెట్టాడు. ఫోటో తీశారు.

ఆ రోజుకు మూల్యం హేసుక్ చెల్లించింది. ఇంటికొచ్చాక బజారు గొంతు చాపేసుకు కూర్చుంది, పగలూ రాత్రీ వదల్లేదు. డాక్టరు మందు పెంచాడు. ప్రూఫులు పక్కనపెట్టి, మధ్యాహ్నాలు కూడా మొద్దులా నిద్రపోయింది. గ్యుహో ఫోన్ చేసి, "మొత్తానికి బాగానే జరిగింది కదక్కా, ఎవరికీ ఏమీ అనిపించలేదు," అన్నాడు. ఆమె మిగతాది వినకుండానే ఫోన్ పెట్టేసింది.

వర్షం పడుతున్న ఒక శనివారం సోల్బి, ఊరం వచ్చి రెండు రోజులుండిపోయారు. సోల్బి గదులు ఊడ్చింది. ఊరం వంటింట్లో నత్తగుల్లల జావ కాస్తున్నాడు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే కలియబెట్టాడు. గిన్నె తెచ్చి పక్కమీద కూర్చున్న హేసుక్ చేతికిచ్చాడు.

"ఫోన్లో అమ్మ. మీ గురించి అడిగింది."

"ఏమని?"

"ఇంకా అలాగే ఉన్నారా అని."

"నువ్వేమన్నావు?"

"మందు పెంచారు, నిద్ర ఎక్కువైంది, జావ కాస్తున్నా అని చెప్పాను."

"దానికావిడ?"

"ఆ మందులకు ఉప్పు తక్కువ వెయ్యాలంది."

హేసుక్ చెంచాతో జావ నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "మీ అమ్మకు జీవితంలో ఒక్కసారి మంచి మాట వస్తే, అదీ ఆలస్యంగానే వచ్చింది. సముద్రం నీళ్లు పోశావురా ఇందులో?"

సోల్బి రుచి చూసి నవ్వుతూ వేడినీళ్లు తేవడానికి లేచింది. ఊరం చెవులు ఎర్రబడ్డాయి. హేసుక్ గిన్నె తిరిగి ఇవ్వలేదు. నీళ్లు కలిపించుకుని, చెయ్యి వణుకుతూనే, అడుగుదాకా తాగింది.